బైక్ బూటు ఎక్కడ బిగువుగా ఉండాలి, ఎక్కడ వంగాలి

సాలూరు దాటి, సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా ఒడిశాలోని కొరాపుట్ వెళ్లే దారిలో సెలవు రోజు వస్తే బళ్లకు లెక్కుండదు. దేవ్‌మాలి కొండ చూడటానికి విశాఖ, విజయనగరం నుంచి వచ్చే కుర్రాళ్లు కొందరు. సునాబెడ, దమన్‌జోడి కాలనీల్లో ఉద్యోగాలు చేసుకుంటూ సొంతూళ్లకు వెళ్లొచ్చే మన తెలుగువాళ్లు మరికొందరు. హెల్మెట్ చాలామంది పెట్టుకుంటున్నారు, జాకెట్లూ గ్లౌజులూ కూడా కనిపిస్తున్నాయి. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం హవాయి చెప్పులు, స్పోర్ట్స్ షూ, లేదా ఫ్యాక్టరీ ఇచ్చిన సేఫ్టీ షూ. హెల్మెట్‌కు ఐఎస్ఐ మార్కు ఉండి తీరాలని మన దేశంలో నిబంధన ఉంది. కాలికి ఏం తొడుక్కోవాలో ఎవరూ అడగరు. అందుకే దాని గురించి ఆలోచించడం కూడా తక్కువే.

కొనాలనుకున్న వాళ్లకు ఇంకో చిక్కు. పడితే కాలు దక్కాలి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేసుకున్నా నొప్పి పుట్టకూడదు, శ్రావణంలో తడవకూడదు, వైశాఖంలో ఉడికిపోకూడదు, ధర అందుబాటులో ఉండాలి. ఇవన్నీ ఒకే బూటులో వెతుకుతారు. దొరక్క చివరికి చూడటానికి బాగున్నది కొంటారు, లేదంటే ఏమీ కొనరు. నా ఉద్దేశంలో వీటికి ఒక వరస ఉంది. ముందు చీలమండ, సోల్ ఎంత బిగువుగా ఉన్నాయో చూడాలి. తర్వాత పాదానికి సరిగ్గా కుదిరిందా అన్నది చూడాలి. వాన సంగతి ఆ తర్వాతే. ఎందుకో తెలియాలంటే కాలికి దెబ్బ ఎలా తగులుతుందో ముందు అర్థం కావాలి.

దెబ్బ తగిలే తీరు

మనిషి ఒంట్లో 206 ఎముకలుంటే, వాటిలో 52 రెండు పాదాల్లోనే ఉన్నాయి. అన్నీ చిన్న చిన్న ఎముకలు, మధ్యలో బోలెడు కీళ్లు. చీలమండ లోపల టాలస్ అనే ఎముక ఒకటుంది. ఒంటి బరువంతా దాని మీదుగానే పాదంలోకి దిగుతుంది. దానికి రక్తం అందేది తక్కువ కాబట్టి విరిగితే అతుక్కోవడానికి చాలా కాలం పడుతుంది, ఒక్కోసారి సరిగ్గా అతుక్కోదు కూడా. చెయ్యి విరిగినవాడు కట్టుతో ఆఫీసుకు వెళ్లగలడు. చీలమండ విరిగినవాడు నెలల తరబడి మంచానికో కర్రలకో అంటిపెట్టుకోవాలి. దుకాణం నడుపుకునేవాడికైనా, కొండ మీది బడికి వెళ్లే టీచరుకైనా ఆ నెలలే పెద్ద దెబ్బ.

బైక్ మీద పాదానికి జరిగే ప్రమాదాలను నాలుగు రకాలుగా చూడొచ్చు. తారు రోడ్డు మీద జారుతూ పోతే చర్మం, కండ ఒరుసుకుపోతాయి. కారు బంపరో రాయో తగిలితే ఎముక మీద నేరుగా దెబ్బ పడుతుంది. బండి కింద ఇరుక్కుంటే పాదం పక్కల నుంచి నలుగుతుంది. కాలు తప్పుగా పడితే చీలమండ మెలి తిరుగుతుంది. బూటు అనగానే అందరి ఆలోచనా మొదటి రెంటి మీదికే పోతుంది, అందుకే మందపాటి తోలు ఉంటే చాలనుకుంటారు. మిగతా రెంటిని తోలు మందం ఆపలేదు.

ఆ మిగతా రెండూ ఎక్కువగా నిదానంగా వెళ్లేటప్పుడే జరుగుతాయి. ఘాట్‌లో ఒక హెయిర్‌పిన్ మలుపు తీసుకోండి. ముందు సిమెంటు లారీ మొదటి గేర్‌లో మూలుగుతూ ఎక్కుతోంది. దాని వెనక మీరు ఆగారు. మలుపు లోపలి వైపు రోడ్డు బాగా వాలుగా ఉంటుంది. లారీల నుంచి కారిన ఆయిల్ మరక ఒకటి, దాని పక్కనే టైర్లు చిమ్మిన గులకరాళ్లు. కుడికాలు కింద పెట్టబోతే నేల అనుకున్న ఎత్తులో లేదు, నాలుగు అంగుళాలు కిందుంది. కాలు అందేలోపు బండి ఆ వైపుకే వాలింది. పాదం గులక మీద పడి బయటికి తిరిగింది, పైన బండి బరువు దిగింది. స్ప్లెండర్ అయితే 112 కిలోలు, క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. మీటర్‌లో వేగం సున్నా. అయినా చీలమండ విరగడానికి అది చాలు. లెగ్ గార్డ్ ఉంటే మోకాలి కింద కొంత ఖాళీ మిగులుతుంది. కానీ పాదం ఆ ఖాళీలోనే ఉంటుందన్న నమ్మకం లేదు.

మంచి రైడింగ్ బూటులోని పనితనం కనిపించేది ఇలాంటి చోటే. చీలమండ ముందుకూ వెనక్కూ ఆడాలి, లేకపోతే గేర్ వేయలేం, బ్రేక్ తొక్కలేం, నాలుగడుగులు నడవలేం. పక్కలకు మాత్రం మెలి తిరగకూడదు. సోల్ పొడవునా కాస్త వంగొచ్చు, అడ్డంగా మాత్రం నలగకూడదు. ఇందుకోసం సోల్ లోపల షాంక్ అనే గట్టి పట్టీ పెడతారు, స్టీలుదో గట్టి నైలాన్‌దో. చీలమండ రెండు వైపులా గట్టి ప్లాస్టిక్ కప్పులు, వాటి లోపల మెత్తటి ఫోమ్. మడమ చుట్టూ ఒక గట్టి గిన్నె. బయటికి కనిపించే తోలు, కుట్లు, లోగో కంటే కనిపించని ఈ మూడే కాలిని కాపాడతాయి.

సేఫ్టీ షూ సరిపోదా?

మన వైపు ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, అడగడంలో న్యాయం ఉంది. జేకేపూర్ పేపర్ మిల్లు, తేరుబలి ఫెర్రో అల్లాయ్స్, దమన్‌జోడి నాల్కో, సునాబెడ హెచ్‌ఏఎల్... రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో కార్మికుల ఇళ్లలో సేఫ్టీ షూ జత లేని ఇల్లు అరుదు. డబ్బు పెట్టకుండా చేతికి వచ్చింది, గట్టిగా ఉంది, బైక్ మీద మాత్రం ఎందుకు వద్దు?

వద్దనను. చెప్పులతో పోలిస్తే అది ఎంతో మేలు. కానీ అది వేరే పని కోసం పుట్టింది. మన దేశంలో సేఫ్టీ షూకు ఐఎస్ 15298 అనే ప్రమాణం ఉంది. దాని రెండో భాగం ప్రకారం టో క్యాప్, అంటే వేళ్ల మీద ఉండే గట్టి తొడుగు, 200 జౌళ్ల దెబ్బ తట్టుకోవాలి. అంటే దాదాపు 20 కిలోల ఇనుప ముద్ద మీటరు ఎత్తు నుంచి వేళ్ల మీద పడినా వేళ్లు నలగకూడదు. ఫ్యాక్టరీలో ప్రమాదం పై నుంచి వేళ్ల మీదికి వస్తుంది కాబట్టి అక్కడ అది సరైన ఏర్పాటు. బైక్ మీద ప్రమాదం పక్కల నుంచి, చీలమండ మీదికి వస్తుంది. చాలా సేఫ్టీ షూలు చీలమండ కిందే ఆగిపోతాయి. పైదాకా వచ్చేవాటిలోనూ పక్కన ఉండేది మెత్తటి స్పాంజి కాలరే తప్ప గట్టి కప్పు కాదు.

స్టీలు టో క్యాప్ వంగి వేళ్లను కోసేస్తుందని ఒక పుకారు తిరుగుతూ ఉంటుంది. దానికి భయపడక్కర్లేదు. ఆ క్యాప్‌ను వంచేంత బలం పడితే, క్యాప్ లేని వేళ్లు అంతకు చాలా ముందే నుజ్జవుతాయి. అసలు ఇబ్బంది వేరే ఉంది. క్యాప్ ఎత్తుగా, గుండ్రంగా ఉండటం వల్ల గేర్ రాడ్ కిందికి దూరదు. పైకి గేర్ వేయాల్సిన బండ్లలో పాదం మొత్తం ఎత్తి, మడమ తిప్పి తంటాలు పడాలి. స్ప్లెండర్‌లా నాలుగు గేర్లూ ముందుకు తొక్కి వేసే బండికి ఈ బాధ లేదు. కానీ అక్కడ ముందు రాడ్‌కూ మడమ రాడ్‌కూ మధ్య ఖాళీ తక్కువ. పెద్ద పాదాలున్నవాళ్లకు లావు మడమ వెనక రాడ్‌కు తగిలి, తెలియకుండానే గేర్ మారిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు అలా జరగడం మంచిది కాదు.

కొరాపుట్, జైపూర్ బజార్లలో మిలిటరీ తరహా పొడవు బూట్లు చవగ్గా దొరుకుతాయి. ఒరుసుకుపోవడాన్ని అవి బాగానే ఆపుతాయి, పిక్క దాకా లేసు బిగిస్తే మెలికను కూడా కొంత ఆపుతాయి. సోల్ నడక కోసం చేసింది కాబట్టి అడ్డంగా నొక్కితే లొంగిపోతుంది. వాడేవాళ్లు లేసు కొసలను లోపలికి దోపడం మరిచిపోకూడదు. ఎడమ లేసు గేర్ రాడ్‌కో ఫుట్‌రెస్ట్‌కో చుట్టుకుంటే బండి ఆపినప్పుడు కాలు కిందికి రాదు. వానాకాలం గంబూట్లు పొలానికి మంచివి, బండికి కావు. వదులుగా ఉంటాయి, పడగానే ఊడిపోతాయి. ఊడిపోయిన బూటు ఎంత గట్టిదైనా కాలికి దానివల్ల ఏ లాభమూ లేదు.

లేబుల్ చదవడం

రైడింగ్ బూట్లకు యూరప్‌లో ఈఎన్ 13634 అనే ప్రమాణం ఉంది. మన దేశంలో అమ్మే మంచి బూట్లు, ఇక్కడి బ్రాండ్లవి కూడా, చాలావరకు దాని ప్రకారమే పరీక్ష చేయించుకున్నవి. బూటు నాలుక లోపలో, పిక్క లోపలి వైపో ఒక చిన్న లేబుల్ ఉంటుంది. దాని మీద బైక్ మీద కూర్చున్న మనిషి బొమ్మ, ప్రమాణం నెంబరు, సంవత్సరం, కింద నాలుగు అంకెలు. ఒక్కో అంకె ఒకటో రెండో అయి ఉంటుంది, రెండు ఉంటే మెరుగు.

మొదటి అంకె బూటు ఎత్తుకు. ఒకటి అంటే పొట్టిది, రెండు అంటే పిక్క మీదికి వచ్చేది. రెండోది ఒరిపిడికి. ఎక్కువ దెబ్బ తగిలే చోట్ల ఉన్న మెటీరియల్‌ను తిరిగే గరుకు బెల్టు మీద పెట్టి చూస్తారు. చిరగకుండా 5 సెకన్లు ఆగితే ఒకటి, 12 సెకన్లు ఆగితే రెండు. మూడోది కోతకు. కత్తి అంచు వచ్చి తగిలితే ఎంత లోపలికి దిగిందో కొలుస్తారు. నాలుగోది అడ్డం బిగువుకు, అంటే సోల్‌ను రెండు పక్కల నుంచి నొక్కితే ఎంత బలానికి లొంగుతుందన్నది. ఒకటికి కనీసం 1 కిలోన్యూటన్, రెండుకి కనీసం 1.5 కిలోన్యూటన్లు. మన లెక్కలో సుమారు 100 కిలోలు, 150 కిలోల ఒత్తిడి అనుకోండి. బండి కింద ఇరుక్కున్న పాదాన్ని కాపాడేది ఈ నాలుగో అంకె. అమ్మేవాళ్లు దాన్ని ప్రస్తావించడం తక్కువ, కొనేవాళ్లు అడగడం ఇంకా తక్కువ. నేనైతే ముందు దాన్నే చూస్తాను. నాలుగోది రెండు ఉన్న పొట్టి బూటుకూ, నాలుగోది ఒకటే ఉన్న పొడవు బూటుకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, ఘాట్ రోడ్లలో తిరిగేవాడికి మొదటిదే ఇస్తాను.

అంకెల పక్కన కొన్ని అక్షరాలు కూడా ఉండొచ్చు. ఐపీఏ అని ఉంటే చీలమండ మీద దెబ్బకు విడిగా పరీక్ష చేశారని అర్థం. ఐపీఎస్ అంటే కాలి ముందు ఎముకకు. డబ్ల్యూఆర్ అంటే నీళ్లు ఆపుతుందని, ఎఫ్ఓ అంటే పెట్రోలు, ఆయిలుకు సోల్ పాడవదని. ఇవి తప్పనిసరి పరీక్షలు కావు, కంపెనీ చేయించుకుంటేనే ఉంటాయి. విచిత్రమేమిటంటే, చీలమండ దెబ్బ పరీక్ష కూడా ఈ ఐచ్ఛికాల్లోనే ఉంది. కాబట్టి సర్టిఫికెట్ ఉంది కదా అని ఊరుకోకండి, ఐపీఏ ఉందో లేదో ప్రత్యేకంగా వెతకండి.

బూటు మీద ఊరికే సీఈ అని, అంటే యూరప్ నిబంధనలకు తగినదని చెప్పే రెండు అక్షరాలు అచ్చు వేసి, ప్రమాణం నెంబరూ అంకెలూ లేకపోతే దాన్ని నమ్మి డబ్బు పెట్టొద్దు.

చేత్తో చూసుకోవడం

లేబుల్ లేకపోయినా, ఉన్నా కూడా, చేతులతో తెలుసుకోగలిగింది చాలా ఉంది. బూటును తీసుకుని మడమ భాగాన్ని రెండు వైపుల నుంచి బొటనవేళ్లతో గట్టిగా నొక్కండి. లోపలికి పోతే ఆ గిన్నె అట్టతో చేసిందని అర్థం. చీలమండ దగ్గర లోపలా బయటా రెండు వైపులా తడిమి చూడండి. చాలా చవక బూట్లలో గట్టి కప్పు బయటి వైపు మాత్రమే ఉంటుంది. పడ్డప్పుడు బండి వైపు ఉండేది లోపలి చీలమండ. ఇంజన్‌కూ ఫుట్‌రెస్ట్‌కూ కొట్టుకునేది అదే, కాబట్టి రెండు వైపులా కావాలి.

తర్వాత ఒక చేత్తో ముందు భాగం, ఇంకో చేత్తో మడమ పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలి తిప్పండి. సులువుగా మెలి తిరిగితే షాంక్ లేనట్టే, ఉన్నా పేరుకే ఉన్నట్టు. అలాగే వేళ్ల కీళ్ల దగ్గర వంచి చూడండి. అక్కడ వంగాలి. అక్కడ వంగకుండా మధ్యలో, పాదం గుంత దగ్గర వంగితే ఆ బూటు ఫుట్‌రెస్ట్ మీద గంటసేపు నిలబడితేనే అరికాలు నొప్పి పుట్టిస్తుంది. ఇక్కడ రక్షణా సౌకర్యమూ ఒకటే అయిపోతాయి. గట్టి సోల్ ఫుట్‌రెస్ట్ ఒత్తిడిని పాదం మొత్తానికి పంచుతుంది, మెత్తటి సోల్ ఆ ఒత్తిడిని ఒకే గీత మీదికి తెస్తుంది. స్పోర్ట్స్ షూ వేసుకుని రాయగడ నుంచి కొరాపుట్ వెళ్లినవాళ్లకు ఆ గీత ఎక్కడ నొప్పి పెడుతుందో తెలుసు.

ఎడమ బూటు పైన, బొటనవేలి దగ్గర గేర్ రాడ్ తగిలే చోట అదనపు పొర ఉందో లేదో చూడండి. అది లేకపోతే అక్కడ తోలు త్వరగా అరుగుతుంది. జిప్ ఉంటే దాని మీద కప్పే ఫ్లాప్, వెల్క్రో ఉండాలి. జిప్ ఒక్కటే ఆధారమైన బూటు జిప్ తెగితే కాలికి నిలవదు.

కాలికి కుదరడం

ఎంత మంచి బూటయినా నొప్పి పుడితే మూడో రోజు నుంచి మంచం కింద ఉంటుంది. కాబట్టి కుదరడం రెండో మెట్టే అయినా చిన్న విషయం కాదు.

మన పాదాలు చాలావరకు ముందు వైపు వెడల్పు. చిన్నప్పటి నుంచీ చెప్పులతో, ఉత్త కాళ్లతో తిరిగినవాళ్లలో వేళ్లు విచ్చుకుని ఉంటాయి. ఇటలీ కంపెనీల బూట్లు చాలా సన్నటి అచ్చు మీద తయారవుతాయి. పొడవు సరిపోతుంది, చిటికెనవేలి పక్కన మాత్రం నొక్కేస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒక సైజు పెంచడం. దాంతో వెడల్పు సరిపోతుంది కానీ మడమ లోపల జారుతుంది. మడమ జారితే బొబ్బలు లేస్తాయి, పడ్డప్పుడు బూటు ఊడే ప్రమాదం కూడా ఉంటుంది. సైజు పెంచడం కాదు, వెడల్పు అచ్చు ఉన్న వేరే మోడల్ వెతకడమే సరైన దారి. మన దేశపు బ్రాండ్లు కొన్ని ఈ విషయంలో మన కాలికి దగ్గరగా ఉంటాయి, ధరలోనూ తేడా బాగా ఉంటుంది.

రాయగడలోనో గుణుపూర్‌లోనో పర్లాకిమిడిలోనో రైడింగ్ గేర్ షాపు వెతుక్కుంటూ తిరగడం దండగ. విశాఖో భువనేశ్వరో వెళ్లాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఆన్‌లైన్ అయితే మామూలు షూ సైజు చెప్పకండి, మిల్లీమీటర్లలో కొలవండి. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడండి. కూర్చుని కొలిస్తే తప్పు వస్తుంది, బరువు పడితేనే పాదం సాగుతుంది. పొడుగు వేలు ఎక్కడికి వచ్చిందో గీత పెట్టండి, కొందరికి అది బొటనవేలు కాదు. అలాగే వెడల్పు కూడా. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. తర్వాత ఆ మోడల్ చార్ట్‌తో పోల్చండి. ఒక కంపెనీలో 42 ఇంకో కంపెనీలో 42 కాకపోవచ్చు.

పార్సిల్ వచ్చాక బైక్ మీద వేసుకునే మేజోళ్లతోనే తొడిగి, ఇంట్లో చాప మీద అరగంట తిరగండి. సోల్ మురికి కాకపోతే వెనక్కి పంపడం సులువు. నిలబడి చూస్తే చాలదు. బండి సెంటర్ స్టాండ్ వేసి, ఎక్కి కూర్చుని, మోకాళ్లు వంచి చూడండి. నిలబడ్డప్పుడు బాగున్న బూటు కూర్చున్నప్పుడు కాలి ముందు ఎముక మీద ఒత్తొచ్చు. కొత్త తోలు వాడగా వాడగా వెడల్పులో కొంత సాగుతుంది, చీలమండ దగ్గర మెత్తబడుతుంది. పొడవులో మాత్రం సాగదు. వేళ్లు ముందు తగులుతున్న బూటును వాడితే సరిపోతుందిలే అని ఉంచుకోకండి.

మేజోళ్ల విషయంలో పిసినారితనం వద్దు. నూలువి చెమటను పీల్చి అలాగే ఉంచుకుంటాయి, అప్పుడు చర్మం నాని బొబ్బ లేస్తుంది. ఉన్ని కలిసినవో, ఆటగాళ్లు వాడే సింథటిక్‌వో తీసుకోండి. బూటు అంచు కంటే పొడవుగా ఉండాలి.

వానా, ఎండా

కొరాపుట్ కొండల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా వాన ఆగేది తక్కువ. వాటర్‌ప్రూఫ్ బూటు కావాలనిపించడం సహజం. అలాంటి బూటులో తోలుకూ లోపలి గుడ్డకూ మధ్య ఒక పలచటి పొర ఉంటుంది. అందులోని రంధ్రాలు ఎంత చిన్నవంటే నీటి చుక్క దూరదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. కాకపోతే ఆవిరి బయటికి పోవాలంటే లోపల తేమ ఎక్కువ, బయట తక్కువ ఉండాలి. యూరప్ చలిలో ఆ తేడా బాగా ఉంటుంది. జులైలో మన గాలిలోనే తేమ నిండి ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? పాదం లోపలే నానుతుంది. మే నెలలో బరంపురం ఉక్కలో ఆ బూటు వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడితే ఇక చెప్పక్కర్లేదు.

రెండో సంగతి. వాన బూటులోకి తోలు గుండా వచ్చేదానికన్నా పై నుంచి వచ్చేది ఎక్కువ. ప్యాంటు మీద నుంచి కారిన నీళ్లు బూటులోకి దిగుతాయి. వాటర్‌ప్రూఫ్ బూటులోకి ఒకసారి నీళ్లు వెళ్తే బయటికి పోయే దారి లేదు, ఆరడానికీ చాలాసేపు పడుతుంది. అందుకే రెయిన్ ప్యాంటు ఎప్పుడూ బూటు బయటికి వేయాలి, లోపలికి దోపకూడదు.

దీన్ని బట్టి నా సలహా ఇది. ఏడాదంతా కొండల్లోనే ఉండి, డిసెంబరు మంచులోనూ తెల్లవారకముందే బయల్దేరే సెమిలిగుడ, పొట్టంగి వాళ్లకు పొర ఉన్న బూటు పనికొస్తుంది. చలిగాలిని కూడా అదే ఆపుతుంది. పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం లాంటి కింది ఊళ్లలో తిరిగేవాళ్లు గాలి ఆడే బూటు కొని, వాన కోసం పై నుంచి తొడిగే రబ్బరు కవర్లు విడిగా పెట్టుకోవడం మేలు. కవర్ల సోల్ జారుతుందా అన్నది కొనే ముందే చూడండి. కొన్ని కవర్లు తడి టైల్స్ మీద సబ్బులా జారతాయి, పెట్రోలు బంకులో కాలు పెట్టినప్పుడు ఆ సంగతి తెలియకూడదు.

ఎవరికి ఏది

రోజూ పదీ ఇరవై కిలోమీటర్లు తిరిగి, దిగాక ఆఫీసులోనో బడిలోనో అదే బూటుతో ఉండాల్సిన టీచర్లు, మెడికల్ రెప్‌లు, మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ ఆఫీసర్లకు చీలమండ దాటి వచ్చే పొట్టి రైడింగ్ షూ చాలు. లోపలా బయటా కప్పులు, గట్టి సోల్ ఉంటే చాలు, చూడటానికి మామూలు షూలాగే ఉంటుంది. దూరాలు వెళ్లేవాళ్లకు పిక్క సగం దాకా వచ్చే టూరింగ్ బూటు. ఎర్రమట్టి దారుల్లో, వాగుల్లో బండి దింపేవాళ్లకు అడ్వెంచర్ బూటు. మట్టి ట్రాక్ పందేల కోసం చేసే మోటోక్రాస్ బూటు మాత్రం రోడ్డు మీద తిరిగేవాళ్లు కొనకండి. అందులో కాలు గేర్‌ను పసిగట్టలేదు, నడక చెక్కకాళ్ల మీద నడిచినట్టు ఉంటుంది.

వెనక కూర్చునేవాళ్ల గురించి ఎవరూ రాయరు, అది నన్ను బాధపెడుతుంది. ముందు కూర్చున్న ఆయన కాలికి బూటు ఉంటుంది. వెనక ఆమె చీర అంచు సర్దుకుంటూ, ఒక పక్కకు తిరిగి, చెప్పులతో కూర్చుంటుంది. చెప్పు జారితే పట్టుకోబోయి బ్యాలెన్స్ తప్పుతుంది. కాలు సైలెన్సర్‌కు తగిలి కాలిన మచ్చలు ఎంతమంది ఆడవాళ్ల కాళ్లకు ఉన్నాయో చూడండి. మధ్యలో కూర్చోబెట్టిన పిల్లల పాదం వెనక చక్రం చువ్వల్లోకి వెళ్లడం ఆసుపత్రుల్లో తరచూ చూసే కేసు. ఆ దెబ్బకు మడమ చర్మమే ఊడి వస్తుంది. వాళ్లకు ఖరీదైన రైడింగ్ బూటు అక్కర్లేదు. చీలమండ కప్పే, కాలికి బిగుతుగా నిలిచే గట్టి షూ, చక్రం పక్కన చీర గార్డు, పిల్లల కాళ్లు పెట్టుకోవడానికి అందే ఫుట్‌రెస్ట్ ఉంటే చాలా దెబ్బలు తప్పుతాయి.

కొన్నాక

కొత్త బూటు వేసుకున్న మొదటి రోజు గేర్ సరిగ్గా పడటం లేదని చాలామంది బూటునే తిడతారు. అది బూటు తప్పు కాదు. పాదం మందం పెరిగింది, రాడ్ మాత్రం చెప్పుల రోజుల ఎత్తులోనే ఉంది. మెకానిక్ దగ్గర రాడ్‌ను షాఫ్ట్ మీద ఒక పన్ను పైకి జరిపించండి, పది నిమిషాల పని. వెనక బ్రేక్ కూడా చూపించండి. మందపాటి సోల్ వల్ల పెడల్ మీద కాలు ఆనిందో లేదో తెలియదు, తెలియకుండా ఆని ఉంటే బ్రేక్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, డ్రమ్ వేడెక్కుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఇది ప్రమాదం. కొత్త బూటుతో మొదట ఖాళీ రోడ్డు మీద తిరిగి, అలవాటయ్యాకే కొండ ఎక్కండి.

తడిసిన బూటును పొయ్యి దగ్గరో ఎండలోనో పెట్టొద్దు, తోలు బీటలు వారుతుంది, సోల్ జిగురు వదులుతుంది. లోపలి ఇన్‌సోల్ తీసేసి, పాత వార్తాపత్రికలు కుక్కి, ఫ్యాన్ కింద నీడలో ఆరబెట్టండి. రెండు మూడు గంటలకు కాగితాలు మార్చండి. మట్టిని తడిగుడ్డతో తుడిచి, ఆరాక తోలు క్రీమ్ రాయండి. డీజిల్, కిరోసిన్ పెట్టి తుడిచే అలవాటు వల్ల కుట్లు, రబ్బరు పాడవుతాయి. వానాకాలంలో మూసిన అట్టపెట్టెలో పెడితే బూజు పడుతుంది, గాలి తగిలే చోట ఉంచండి.

జాగ్రత్తగా దాచుకున్న బూట్లే ఒక్కోసారి త్వరగా పోతాయి. చాలా బూట్ల సోల్ మధ్య పొర పాలీయురెథేన్‌తో చేస్తారు. తేమ తగిలితే దాని అణువుల బంధాలు కొద్దికొద్దిగా తెగుతాయి. నడుస్తూ ఉంటే నొక్కుడు పడి తేమ కొంత బయటికి పోతుంది, పెట్టెలో ఊరికే ఉంటే అక్కడే ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత బయటికి తీసి వేసుకుంటే సోల్ బిస్కెట్ ముక్కల్లా రాలుతుంది. అందుకే డిస్కౌంట్‌లో పాత స్టాకు కొనేటప్పుడు తయారైన నెల, సంవత్సరం చూడండి. ఇంట్లో చాన్నాళ్లుగా వాడని జత ఉంటే, దూర ప్రయాణానికి ముందు సోల్ అంచును గోటితో నొక్కి చూడండి. గోటి గుర్తు పడి పొడి రాలితే దాన్ని పక్కన పెట్టండి. ఒకసారి గట్టిగా పడ్డ బూటు విషయంలోనూ ఇలాగే చూసుకోవాలి. పైన గీతలు పడితే ఫర్వాలేదు. చీలమండ కప్పు పగిలినా, మెలి తిప్పితే మునుపటి కంటే సులువుగా తిరిగినా ఆ జతను ఇక బండి మీదికి వేసుకోవద్దు.